గొర్రె పేరుకు వచ్చిన తిప్పలు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేసుకునేదాన్ని. మొన్న ఒక అనువాద ఏజెన్సీవాళ్లు దిద్దమని ఒక ఉన్ని కేటలాగ్ పంపారు. అందులో స్వీడిష్ 'పెల్స్‌ఫోర్'ని ఎవరో ఇంగ్లిష్‌లో 'వుల్ షీప్' చేసేశారు. 'ఫోర్' అంటే గొర్రె, సరే. 'పెల్స్' మాత్రం ఉన్ని కాదు, బొచ్చుతో సహా ఉంచిన తోలు. స్వీడన్‌లోని గొట్లాండ్ దీవిలో ఈ జాతిని ఎంచి పెంచిందే ఆ బూడిదరంగు ఉంగరాల బొచ్చుతోలు కోసం. అందుకే 'పెల్ట్ షీప్' అనాలి. ఆ దీవిదే పాత జాతి 'గూటెఫోర్' వేరు, దాంట్లో ఆడ గొర్రెకూ కొమ్ములుంటాయి. 'గూటె' అంటే గొట్లాండ్ మనిషి. ఆ పేరుని అనువదించకుండా అలాగే వదిలేయడం మంచిది. ఇంకో తమాషా, అక్కడివాళ్లు ముసలి గొర్రెనీ 'లామ్' అనే అంటారు, అంటే గొర్రెపిల్ల! డిక్షనరీ నమ్ముకుంటే అంతే సంగతులు.

ఇదంతా చెబితే ఏజెన్సీవాళ్లు "డెడ్‌లైన్ అండీ, వుల్ చాలు" అన్నారు.

మీ ఆదివారం పేజీలో కూడా దక్కనీ జాతి గొర్రెని 'దక్షిణాది గొర్రె' అని రాశారు. మా తాత భుజాన గొంగడి ఆ నల్ల దక్కనీ ఉన్నిదే. నెల్లూరు జాతి గొర్రెదీ దక్షిణాదే, కానీ దానికి గొంగడికి పనికొచ్చే ఉన్నే ఉండదు. దయచేసి సవరణ వేయండి.

— ఒక అనువాదకురాలు, రామంతాపూర్, హైదరాబాద్