బొమ్మతో పాటు గొంతూ డిస్కులోకి రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత వీడియో క్యాసెట్లను డిస్కులోకి ఎక్కించుకునేవాళ్లు ఈ మధ్య మా తెనాలిలో బాగా కనిపిస్తున్నారు. పండక్కి వచ్చిన పిల్లలు అటక మీది క్యాసెట్లు దించి షాపులో ఇస్తారు, తిరిగి వెళ్లేలోపు డిస్కు తెచ్చుకుంటారు. మంచి పనే. కానీ డిస్కు రాగానే రెండు నిమిషాలు బొమ్మ చూసి, క్యాసెట్‌ను పాతసామాన్లవాడికి వేసేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చాలా ఏళ్లు టీవీలు, వీసీఆర్లు (క్యాసెట్లు నడిపే యంత్రాలు) బాగుచేసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయినవాళ్ల ముఖం ఏదో ఒక ఫొటోలో ఉంటుంది. గొంతు మాత్రం చాలా ఇళ్లలో ఆ ఒక్క క్యాసెట్‌లోనే ఉంటుంది. షాపువాళ్లు మొదట పాడుచేసేది కూడా ఆ గొంతునే.

ఈమధ్య ఒకావిడ వచ్చారు. 1993లో వాళ్ల గృహప్రవేశాన్ని గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు తన హైఫై (మేలిరకం శబ్దం రికార్డు చేసే) కెమెరాతో తీశాడు. అందులో వాళ్లమ్మగారు మంగళహారతి పాడారు. ఆవిడ ఇప్పుడు లేరు. డిస్కులో బొమ్మ బాగానే ఉంది గానీ, హారతి ఉండాల్సిన చోట మొదటి నుంచి చివరి దాకా బర్రుమనే చప్పుడే. "క్యాసెట్ పాతది కదండీ, ఇంతే వస్తుంది" అని షాపులో తేల్చేశారట. అదృష్టవశాత్తూ ఆవిడ క్యాసెట్‌ను దాచుకున్నారు.

హైఫైలో తీసిన వీహెచ్‌ఎస్ (ఇళ్లలో వాడిన మామూలు వీడియో) క్యాసెట్‌లో శబ్దం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి టేపు అంచున సన్నటి గీతలాంటి మామూలు ట్రాక్. రెండోది బొమ్మ కిందే దాగి ఉండే హైఫై ట్రాక్. పాల్ అనే మన టీవీ పద్ధతిలో బొమ్మను చదివే డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది, దాని మీద టేపును చదివే హెడ్లు సెకనుకు 50 సార్లు ఒకదాని నుంచి ఇంకొకదానికి మారతాయి. ట్రాకింగ్ (టేపు మీది గీతల మీదుగా హెడ్లు సరిగ్గా నడవడం) కొంచెం తప్పినా హైఫైలో ఆ మారే చప్పుడే బర్రుమని వినిపిస్తుంది. అందుకని ముందు ట్రాకింగ్ సరిచేయాలి. అప్పటికీ కుదరకపోతే వీసీఆర్‌లో ఆడియోను 'నార్మల్'కు మార్చాలి. ఆవిడ క్యాసెట్‌కు నేను చేసింది ఇంతే. కొద్దిగా బుస ఉన్నా, హారతి ప్రతి మాటా స్పష్టంగా వచ్చింది. ఆవిడ మొత్తం విని, మళ్లీ మొదటి నుంచి వేయమన్నారు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఒకటుంది. కొందరు తర్వాత 'ఆడియో డబ్' చేసి ఇంటి వీడియోల మీద సినిమా పాటలు ఎక్కించారు. ఆ డబ్బింగ్ పడేది అంచు ట్రాక్ మీదే. కెమెరా హైఫైది అయితే, చెరిగిపోయిందనుకున్న అసలు మాటలు బొమ్మ కింద అలాగే ఉండవచ్చు. మన పెళ్లి వీడియోల్లో ఇది అరుదు, ఎందుకంటే పాటలు కలిపి వేరే క్యాసెట్‌కు కాపీ చేసి ఇచ్చేవారు. అయినా ఒకసారి వీసీఆర్‌లో ఆడియోను 'హైఫై'కు మార్చి వినడానికి ఖర్చేమీ లేదు.

మోనో వీసీఆర్‌కు ఆడియో అవుట్ ఒకటే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు ఒక్క వైపే తగిలిస్తే శబ్దం ఎడమ చెవిలోనే వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో రెండు వైపులా కాపీ చేస్తే సరిపోతుంది. మైకు పెట్టే రంధ్రంలో తగిలిస్తేనే ప్రమాదం. గొంతు పగిలిపోయి రికార్డవుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే. గుయ్యిమనే హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. 'స', 'శ' అక్షరాలు మొద్దుబారినట్టుంటే ఆడియో హెడ్ వాలు తప్పిందని అర్థం. ఆ స్క్రూ తెలిసినవాళ్లే తిప్పాలి, బొమ్మ ట్రాకింగ్ కూడా ఆ హెడ్‌తోనే ముడిపడి ఉంటుంది.

ఎక్కువమంది బాధపడేది మాత్రం పెదవులకూ మాటకూ పొంతన లేకపోవడం గురించి. మొదట్లో సరిగ్గానే ఉంటుంది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి పురోహితుడి నోరు ఒకటి, మంత్రం ఒకటి. టేపు బలహీనంగా ఉన్నచోట కంప్యూటర్ కొన్ని ఫ్రేములు (విడి బొమ్మలు) వదిలేస్తుంది, శబ్దం మాత్రం ఆగకుండా నడుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి, పాతిక పోతే ఒక సెకను తేడా. తేడా సమంగా పెరుగుతూ వస్తే శబ్దాన్ని కాస్త కుదించి కలపవచ్చు. ఉన్నట్టుండి మారితే అక్కడికక్కడ కోసి సరిచేయాలి. సిగ్నల్‌ను స్థిరపరిచే టైమ్ బేస్ కరెక్టర్ మధ్యలో పెడితే ఈ తలనొప్పి చాలావరకు రాదు.

బుస తీయడానికి ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరూ మాట్లాడని ఒక్క సెకను ముక్కను నమూనాగా చూపిస్తే ఆ చప్పుడు తగ్గిస్తుంది. అయితే అతిగా వాడితే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అమ్మ గొంతు అమ్మ గొంతులా లేకుండా చేసే శుభ్రం ఎందుకు? కాస్త బుస ఉండనివ్వండి.

కొత్త వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. బాగున్న మెషీన్లు, హెడ్లు ఇప్పుడు దొరకడం కష్టం. అందుకే ఆలస్యం చేయవద్దు, క్యాసెట్ పారేయవద్దు. పాలిటెక్నిక్ కాలేజీల ఎలక్ట్రానిక్స్ విభాగాలు మూలన పడ్డ ఒక్క వీసీఆర్‌ను బాగుచేసి ఉంచితే, పిల్లలకు పనీ వస్తుంది, ఊరికి ఉపయోగమూ ఉంటుంది.

షాపుల యజమానులకు నా మనవి: డిస్కుతో పాటు, ఏ మార్పూ చేయని అసలు ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఇచ్చేముందు మొదట్లో, మధ్యలో, చివర్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. తీసుకునేవాళ్లు కూడా అక్కడే కూర్చుని విన్న తర్వాతే డబ్బులివ్వండి.

– ఒక విశ్రాంత వీసీఆర్ మెకానిక్,
తెనాలి, గుంటూరు జిల్లా