మెర్జూగా గురించి అడిగావుగా

ఒరేయ్ మామా,

మొరాకో తిరుగుడు అయిపోయింది, నిన్న ఫెజ్ నగరం చేరి అద్దె కారు అప్పగించేశాం. ఎడారి అంచున ఉండే మెర్జూగా ఊరు ఎలా ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అని వాట్సాప్‌లో ఒకటే గోల చేశావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే ఈ చాంతాడంత ఉత్తరం.

ఇసుక దిబ్బలు బాగానే ఉన్నాయి. కానీ మొరాకో ఎడారి అంటే అవే అనుకుని వస్తే మాత్రం నిరాశపడతావు. అసలు సరదా అంతా దారిలోనే ఉందిరా.

మర్రాకెష్ దాటగానే అట్లాస్ కొండలు మొదలు. తిజి న్ తిష్కా కనుమ 2,260 మీటర్ల ఎత్తు. ఫ్రెంచివాళ్ళ హయాంలో వేసిన ఘాట్ రోడ్డు అది. మీ చెల్లెలు కిటికీలోంచి లోయ చూడటం మానేసి కళ్ళు మూసుకుంది. ఎక్కేటప్పుడు చెట్లూ చేమలూ ఉన్నాయి. దిగడం మొదలెట్టాక అన్నీ మాయం, మొత్తం ఎర్రమట్టి, బోడి రాళ్ళు. వానమబ్బుల్ని ఆ కొండలే ఆపేస్తాయి మరి. దారి పక్కన, పగలగొడితే లోపల ఎర్రగా, నీలంగా మెరిసే రాళ్ళు అమ్ముతుంటారు. వాటికి చాలావరకు రంగు పూస్తారట, డబ్బు తగలేయకు.

అయిత్ బెన్ హద్దు మట్టికోట నువ్వు ఫొటోల్లో చూసిందే. 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మట్టిలో గడ్డి కలిపి కట్టిన గోడలు. పట్టించుకోకుండా వదిలేస్తే వానకి కరిగిపోతాయి కాబట్టి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మెత్తుతూనే ఉండాలి. కొద్ది కుటుంబాలు తప్ప మిగతావాళ్ళంతా ఏరు దాటి కొత్త ఊళ్ళోకి మారిపోయారు. పొద్దున్నే వెళ్ళు, పది దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి. ఆ దగ్గర్లోని వర్జాజాత్ ఊళ్ళో సినిమా స్టూడియోలు ఉన్నాయి కానీ నేను ఆగలేదు. అట్టముక్కలతో వేసిన ఈజిప్టు గుడి సెట్టు చూడటానికి ఇంత దూరం రావాలా చెప్పు?

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది జోర్ఫ్ అనే ఊరి దగ్గర చూసింది. రోడ్డు పక్కన మైదానంలో, కనుచూపు మేర వరసగా మట్టిగుట్టలు. ఒక్కో గుట్ట మధ్యలో ఒక గుంత. వాటిని ఖెత్తారాలు అంటారు. బీదర్ వెళ్ళినప్పుడు నౌబాద్‌లో బహమనీల కాలం నాటి కరేజ్ చూశాం, గుర్తుందా? అదే పద్ధతి. ఎగువన నీళ్ళు పడేదాకా బావి తవ్వుతారు. అక్కణ్ణించి పొలాల దాకా నేలలోపల కాస్త వాలుగా సొరంగం తీస్తారు. మట్టి పైకి తోడటానికి, పూడిక తీయడానికి మధ్యమధ్యలో గుంతలు. మోటారు లేదు, కరెంటు లేదు, నీళ్ళు వాటంతటవే నడిచొస్తాయి. ఎండకి ఆవిరైపోవు కూడా.

అక్కడున్న పెద్దాయన మమ్మల్ని మెట్ల మీదుగా కిందికి తీసుకెళ్ళాడు. పైన మాడు పగిలే ఎండ, లోపల చల్లగా, తడిమట్టి వాసన. గోడ మీద గునపం గాట్లు ఇంకా తెలుస్తున్నాయి. చేత్తో తడిమితే వేలు సరిగ్గా పట్టేంత లోతు. కానీ అడుగున నీళ్ళు లేవు మామా, ఎండిన ఇసుకే. కరువుకి తోడు చుట్టూ మోటారు బావులు పడి నీటిమట్టం కిందికి పోయింది. మా ఊళ్ళో బోర్లొచ్చాక దిగుడు బావి ఏమైందో గుర్తొచ్చి ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు. పైకొచ్చాక ఆయన పుదీనా టీ పోస్తూ, ఇండియా అనగానే "అమితాబ్!" అని నవ్వాడు. ఆ టీలో పంచదార చూస్తే మీ నాన్నగారు కూడా బెంబేలెత్తుతారు.

ఆ ఎండిన సొరంగం చూశాక పారే నీళ్ళు చూడాలనిపిస్తుంది, అందుకే తోద్రా లోయ తప్పకుండా చూడమంటున్నా. రెండువైపులా దాదాపు 300 మీటర్ల నిలువు కొండలు, మధ్యలో చీలమండ లోతు నీళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లాతో వచ్చి కాళ్ళు తడుపుకుంటారు. లోయ దిగువన తింగీర్ దాకా ఖర్జూర తోటలు, వాటి నీడలో కూరమళ్ళు. అక్కడ రెండు రాత్రులు ఉండు.

ఇక నీ మెర్జూగా. అక్కడి ఇసుక దిబ్బల్ని ఎర్గ్ షెబ్బీ అంటారు, సుమారు 150 మీటర్ల దాకా లేస్తాయి. సాయంత్రం రంగు నిజంగానే అద్భుతం. అయితే నాలుగు చక్రాల బైకుల రొద చెవులు తూట్లు పొడుస్తుంది. ఒంటె దిగాక రెండ్రోజులు నడుం పట్టేసింది. ఒక్క రాత్రి చాలు. వెనక్కొచ్చేటప్పుడు ఉత్తరం వైపు మిదెల్త్, అజ్రూ మీదుగా రా. అజ్రూలో దేవదారు అడవి, కోతులు ఉంటాయి, పిల్లలకి పండగే.

చెల్లెమ్మ మాంసం తినదు కదా, కూరగాయల తజీన్, అంటే మూత ఉన్న మట్టిపాత్రలో ఉడికించే కూర, అన్నిచోట్లా దొరుకుతుంది. అందులో వేసే నిమ్మకాయ అచ్చం మన ఉప్పు నిమ్మకాయే, కారం లేదంతే. నాలుగో రోజుకి ఆ చప్పిడి విసుగొస్తుంది, ఆవకాయ సీసా తప్పకుండా పెట్టుకో. ఊరి మొదట్లో పోలీసుల బోర్డు కనిపిస్తే కారు ఆపి, వాళ్ళు చెయ్యి ఊపేదాకా కదలకు. చలికాలంలో వస్తే మంచు పడి తిష్కా రోడ్డు మూసేస్తుంటారు, కాబట్టి తేదీలు ఖాయం చేసేముందు ఒకసారి ఫోన్ చెయ్యి. మార్చి అయితే నేనూ మళ్ళీ వచ్చేస్తా, మీ చెల్లెలు ఒప్పుకుంటే.

నీ
మామ