సున్నం డబ్బా సంగతి

2007 జూలై 1, ఆదివారం
మన ఊరు, మా అరుగు మీంచి

ఒరేయ్ సత్తీ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకటి ఆఫీసు డ్రాయర్లో సగం రాసి ఉంది, ఇంకోటి ఎక్కడుందో నాకే తెలీదు. ఇవాళ మాత్రం రాయకపోతే కడుపు ఉబ్బి పోయేలా ఉన్నాను. పైగా ఈ సంగతి మీ మావయ్య నోటినుంచి నీకు చేరేలోపే నా ఉత్తరం నీ చేతిలో పడాలి. ఎందుకో చెప్తాను. సాయంత్రం ఆరున్నరకి అమలాపురంలో హైదరాబాద్ బస్సు. ఇప్పుడు టైము మూడు.

మామూలు కబుర్లు గబగబా: మీ అమ్మగారికి మోకాలు నొప్పి తగ్గింది. "వాడికి అన్నం సరిగ్గా పెడుతున్నారా" అని నన్నడిగారు, నేనేదో అక్కడ వండి వడ్డిస్తున్నట్టు. పెడుతున్నారనే చెప్పాను. చెల్లికి మగపిల్లాడు. పోయిన వారం కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటింది, మన నారుమళ్ళు మూడు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి, మళ్ళీ విత్తనాలు చల్లాలి. క్రికెట్ గురించి నేను మాట్లాడను, నువ్వూ మాట్లాడకు, బంగ్లాదేశ్ అన్న మాట మన మధ్య రాకూడదు. అయిపోయాయి.

ఫోను కొన్నాన్రా. ఏ ఫోనో చెప్పుకో చూద్దాం. పంజాగుట్టలో మనిద్దరం షోరూం అద్దానికి ముక్కులు ఆనించి చూస్తే వాచ్‌మన్ "ఆవిరి పడతాంది, జరగండి" అన్నాడే, అదే! మోటోరోలా రేజర్. వెండి రంగుది. కొత్తది కాదులే, అబిడ్స్ జగదీష్ మార్కెట్లో సెకండ్ హ్యాండు, 5,200కి బేరం తెగింది. వాడు 6,500 అన్నాడు, నేను మీ మావయ్య స్టైల్లో "రేపొస్తా" అని మెట్లు దిగాను. వెనక్కి పిలిచాడు.

చేతిలో పెట్టుకుంటే ఎలా ఉంటుందో నీకు చెప్పాలి. మూసినప్పుడు మందం 14 మిల్లీమీటర్లు కూడా లేదు, జేబులో ఉందో లేదో తెలీదు. నేను రోజుకి పదిసార్లు తడుముకుంటాను, చూసేవాళ్ళు గుండెనొప్పేమో అనుకుంటున్నారు. పైది అల్యూమినియం. తెల్లారుజామున ఫోనొస్తే చెంపకి చల్లగా తగులుతుంది, కుండలో నీళ్ళ గ్లాసు ఆనించుకున్నట్టు. అదే ఏప్రిల్ ఎండలో బండి ట్యాంకు మీద పెట్టి మర్చిపోయానా, పెనం మీద అట్టు. లోపల బటన్లు విడివిడిగా ఉండవు. ఒకటే లోహపు రేకు, దాని మీదే గీతలు, అంకెలు. తెరిస్తే గీతల సందుల్లోంచి నీలం వెలుగు వస్తుంది. మొదటి రాత్రి రూములో లైటు ఆర్పేసి ఒక పాతికసార్లు తెరిచాను. నా రూమ్మేటు దుప్పట్లోంచి, "నీకు పెళ్ళి చేసెయ్యాలి" అన్నాడు.

తెరవడం కూడా ఒక విద్యేరా. మొదటి వారం రెండు చేతులతో టిఫిన్ డబ్బా మూత తీసినట్టు తీసేవాణ్ణి. తర్వాత బొటనవేలు ఒక్కటే సందులో దూర్చి విదిలించడం వచ్చింది. కానీ అసలు మజా మూయడంలో ఉంది. "టప్"మని చప్పుడు. మా మేనేజరు ఆదివారం ఫోన్ చేసి స్టేట్‌మెంట్లు అడిగితే "అలాగే సార్" అని టప్. ఆ "అలాగే సార్" వాడికి, ఆ టప్ నాకు. నీ నోకియా 1100లో కాల్ ఆపే బటన్ ఎంత కోపంగా నొక్కినా అవతలివాడికీ తెలీదు, మనకీ తృప్తి ఉండదు.

ఇంకో సంగతి, ఇది గుర్తుపెట్టుకో. ఫోనొచ్చినప్పుడు ఇందులో పచ్చ బటన్ నొక్కక్కర్లేదు. సెట్టింగు పెట్టుకుంటే, మూత తెరిస్తే చాలు, ఎత్తినట్టే. నేను పెట్టుకున్నాను. స్టైలు కదా.

సరే, ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చిందిగా, ఏరువాక పున్నమి జూన్ ఆఖరికి పోయింది. నిన్న శనివారం. అమ్మ సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది, నన్ను రమ్మంది. శుక్రవారం రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగాను. నాన్నకి ఫోన్ చూపించాను. అటూ ఇటూ తిప్పాడు. మొదటి ప్రశ్న, "టార్చి ఏదీ?" లేదన్నాను. "అయిదు వేలు పోసి టార్చి లేని ఫోను కొన్నావా?" అని తిరిగిచ్చేశాడు. నాన్నమ్మ తెరిచి, ఆ మెరుపులో మొహం చూసుకుని, "పౌడరేదిరా" అంది. నాన్న మాత్రం మధ్యాహ్నానికల్లా పేరు ఖాయం చేశాడు, సున్నం డబ్బా. నిజంగానే అలాగే ఉంటుందిరా, మీ తాతగారు తాంబూలంలో వాడే తెల్ల రేకు డబ్బా గుర్తుందా? చెప్పకపోతే నాకు తట్టేది కాదు, ఇప్పుడు దాన్ని వేరేలా చూడలేకపోతున్నాను.

అసలు గొడవ ఏంటంటే డబ్బు. దాళ్వా పంటలో బొండాల వడ్లు అమ్మిన సొమ్ము మీ మావయ్య దగ్గర ఆగింది, 23 వేలు. ఏప్రిల్ నుంచి "రేపు, రేపు". మీ మావయ్య కమీషన్ కట్టుకుంటాడు, మిల్లువాళ్ళు ఆయనకివ్వాలి, ఆయన మనకివ్వాలి, సరే. కానీ నారు పోయాక విత్తనాలకి చేతిలో పైసా లేదు. నాన్న నోరు తెరిచి అడగడు, నీకు తెలుసు. పొద్దున్నే నా ఫోన్ నుంచి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. (ఫోన్లో ఆయన పేరు ఏమని పెట్టానో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు ఏడో తరగతిలో పెట్టిన పేరే. రేపు మావయ్య.)

పది గంటలకి వ్రతం. కథ మూడో అధ్యాయంలో ఉన్నాం, పంతులుగారు కళ్ళు మూసుకుని రాగం తీస్తున్నారు, నా జేబులోంచి పెద్ద గొంతుతో "హలో మోటో!" పంతులుగారు కళ్ళు తెరిచారు. అమ్మ చూసిన చూపుకి హారతి కర్పూరం దానంతటదే వెలిగి ఉండాల్సింది. చేసిందెవరు? కాలిఫోర్నియా నుంచి మా పెద్దనాన్న కొడుకు. వాళ్ళ ఊళ్ళో ఆపిల్ వాళ్ళ కొత్త ఫోన్ ఆ రోజే అమ్మకానికి పెట్టారట, జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారట, దానికి అంకెల బటన్లే ఉండవట, అద్దం మీదే వేలు పెట్టాలట. ఆ శుభవార్త చెప్పడానికి నా వ్రతం చెడగొట్టాడు. పెరట్లోకి పరిగెత్తి విని, టప్మని మూసి, సైలెంట్లో పెట్టేశాను. వైబ్రేషన్ కూడా తీసేశాను. పాడు బుద్ధి.

భోజనాలయ్యాయి. గోంగూర గురించి రాయను, ఏడుస్తావు. అరుగు మీద నాన్న, కరణంగారబ్బాయి, చుట్టల రాముడు తాత, ఇంకా ఇద్దరు. నేను లోపల నడుం వాల్చాను. నాన్న వచ్చి, "ఏదీ, ఆ సున్నం డబ్బా ఓసారియ్యి" అన్నాడు. పొద్దున్న టార్చి లేదని పక్కన పడేసిన మనిషి! నలుగురికీ చూపించాలని సరదా పడ్డాడు, ఇచ్చాను. పంచె రొంటిన దోపుకుని వెళ్ళాడు.

ఇక్కణ్ణుంచి నేను చూడలేదు, రాముడు తాత చెప్పింది రాస్తున్నా. నాన్న రొంటినుంచి తీసి, "ఇదిగో, ఇలా వేలితో అంటే" అని మూత విదిలించాడట. నీలం లైటు వెలిగింది. అందరూ ఓహో అన్నారు. ఆ క్షణానే, సరిగ్గా ఆ క్షణానే, మీ మావయ్య నా మూడు మిస్డ్ కాల్స్ చూసుకుని తిరిగి చేస్తున్నాడు. మోత లేదు, వణుకు లేదు. నాన్నకి కళ్ళజోడు లేదు. మూత తెరుచుకుంది.

ఎత్తినట్టే కదా.

ఆ తెరిచిన ఫోను ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది. ఎంత పల్చగా ఉందో అన్నారు, ఎంతయింది అన్నారు, డబ్బుల మాట వచ్చింది, డబ్బుల మాట వస్తే ఇంకెవరి మాట వస్తుంది? కరణంగారబ్బాయి మొదలుపెట్టాడట. "వాడి రేపుకి పంచాంగంలో తిథి లేదండీ." ఇంకొకాయన తూకం రాళ్ళ గురించి ఏదో అన్నాడు, అది ఉత్తరంలో రాసేది కాదు. రాముడు తాత, ఈ ముసలాయనకి పని లేదు, "వాడికి రేపు మావయ్య అని పేరెట్టింది ఎవరనుకున్నారు, సొంత మేనల్లుడే, ఆ మిలట్రీ కుర్రాడే" అన్నాడు.

అర్థమైందా నీ తల ఎక్కడుందో?

నేను తాంబూలాల పళ్ళెం పట్టుకుని బయటికొచ్చేసరికి ఫోన్ రాముడు తాత చేతిలో ఉంది. "ఇందులో రేడియో కూడా ఉన్నట్టుందిరా, ఎవరో సన్నగా గొణుగుతున్నారు" అన్నాడు. చూస్తే స్క్రీన్ మీద మీ మావయ్య పేరు, నువ్వు పెట్టిన పేరే, దాని కింద అంకెలు పరిగెడుతున్నాయి. నాలుగు నిమిషాల పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నా చేతిలో పళ్ళెం అరుగు మీద పడింది. ఫోన్ లాక్కుని టప్మని మూసేశాను. ఆ చప్పుడు అంత ఘోరంగా ఎప్పుడూ వినపడలేదు.

వాళ్ళకి చెప్పలేదు. రాత్రి నాన్నకి మాత్రం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనేమన్నానో వినుంటాడా?" అన్నాడు. ఏమన్నావని అడిగాను. మిగతావాళ్ళు తిడుతుంటే నాన్న అన్నాడట, "పోనీలెండ్రా, వాణ్ణి మిల్లువాడు ముంచాడు, కూతురి పెళ్ళప్పు నెత్తిమీదుంది, నాకూ ఇప్పుడు నారుకి లేకపోబట్టి గానీ..." అని. అక్కడ ఆపేశాడట. నాన్న అంతకంటే చెప్పడు కదా. నాకు రాత్రంతా నిద్ర లేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఆయన చెవిన ఏ ముక్క పడిందో, ఏది పడలేదో. రాముడు తాత గొంతు ఎలాగూ రావులపాలెం దాకా వినపడుతుంది, నాన్నది పక్కనున్నవాడికే సరిగ్గా వినపడదు. అదేరా నా బాధ. నాన్న మాట ఒక్కటీ విని ఉంటే...

ఇవాళ పొద్దున్న ఆరున్నరకి గేటు ముందు మోపెడ్ చప్పుడు. మీ మావయ్య. నేను పళ్ళు తోముకుంటున్నవాణ్ణి వేపపుల్లతో సహా నూతి వెనక్కి వెళ్ళిపోయాను. సిగ్గులేదు, ఒప్పుకుంటున్నాను. ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. సంచిలోంచి పేపరు పొట్లం తీసి నాన్న ముందు పెట్టాడు. 18 వేలు. "లెక్కెట్టుకో" అన్నాడు. నాన్న లెక్కపెట్టలేదు. ఇద్దరూ కాసేపు వాన గురించి మాట్లాడుకున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. నిన్నటి సంగతి ఒక్క ముక్క లేదు. నేను నూతి వెనక వేపపుల్ల నమిలేస్తున్నాను.

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీవాడేడీ?" అన్నాడు. వెళ్ళక తప్పలేదు. "ఏదీ ఆ ఫోను?" అన్నాడు. ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు, వడ్లగింజ చూసినట్టు. గోటితో మూత ఎత్తాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మూశాడు, టప్. మళ్ళీ తెరిచాడు. నా మొహంలోకి చూసి, "బాగా ఇనబడుద్దిరా అబ్బాయ్" అన్నాడు.

నవ్వాడా లేదా అంటే చెప్పలేను, ఆ మీసాల కింద ఏముందో ఎవడికి తెలుసు. నాన్నే ఉండబట్టలేక నేలచూపులు చూస్తూ, "మిగతా అయిదు వేలకి తొందర్లేదులే" అన్నాడు. మీ మావయ్య మోపెడ్ ఎక్కి, ఒక కాలు కింద ఆనించి, "రేపిచ్చేస్తా" అని వెళ్ళిపోయాడు.

నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చాలా కష్టపడ్డాం. అమ్మ లోపల పగలబడి నవ్వింది.

ఇప్పుడు ఆయన సిగ్గుపడి ఇచ్చాడా, భయపడి ఇచ్చాడా, నాన్న మాటకి ఇచ్చాడా, అసలు మిల్లువాళ్ళు నిన్ననే ఇచ్చారేమో, అది చెప్పడానికే ఫోన్ చేశాడేమో కూడా. అలా అయితే మరీ దారుణం కదరా. శుభవార్త చెప్దామని ఫోన్ చేసినవాడికి మనం... వద్దులే. నువ్వు దసరాకి వచ్చినప్పుడు కదిపి చూడు, నీకు చెప్తాడు. కానీ నీకు ఒకటి పక్కా, పేరు పెట్టింది నువ్వేనని ఆయనకి తెలిసిపోయింది. వెళ్ళేటప్పుడు నాతో మెల్లగా, "మిలట్రీవాడు ఎప్పుడొస్తన్నాడు?" అని కూడా అడిగాడు. తేదీ చెప్పలేదు. అంతవరకు కాపాడాను, మిగతాది నీ అదృష్టం.

ఆ సెట్టింగు తీసేశాను. ఇప్పుడు మూత తెరిచినా పచ్చ బటన్ నొక్కాల్సిందే. స్టైలు పోయింది. నాన్న మాత్రం మధ్యాహ్నం నుంచి ఫోన్ నాకివ్వడం లేదు, తెరవడం, మూయడం. ఇప్పుడే పక్కింటివాళ్ళకి చెప్తున్నాడు, దీన్ని చూసే బాకీ వచ్చిందని. సెకండ్ హ్యాండ్ బజార్లో ఇంకోటి దొరుకుతుందా అని అడిగాడు, "టార్చి ఉన్నదైతే".

నీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఆ సోడా అమ్మాయి గురించి, కాదు, నవ్వకు, నిజంగానే ఈసారి... ఇది వేరే ఉత్తరం. అమ్మ పచ్చడి సీసా సంచిలో తలకిందులుగా పెట్టేసింది, ఆటో వాడు వీధి చివర హారన్ కొడుతున్నాడు, ఫోన్ ఇంకా నాన్న రొంటినే ఉంది. వెళ్ళి లాక్కోవాలి. ఉంటాన్రా

నీ
వెంకటేశం