రథం వెళ్ళే రోజు వీధి

నెల్లూరు,
ఆదివారం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి నెల దాటింది. అమ్మ మోకాలి నొప్పి వల్ల బదులు రాయడం ఆలస్యమైంది. ఆ మోకాలి పుణ్యమా అని మన ఊరి వీధులను కొత్తగా చూడడం నేర్చుకున్నాను కనుక ఈ ఉత్తరం నిండా వీధుల గొడవే ఉంటుంది; ఓపిక పట్టు.

డాక్టరుగారు రోజూ నడవమన్నారని మొదటి రోజు అమ్మ చేయి పట్టుకుని ట్రంకు రోడ్డు ఫుట్‌పాత్ ఎక్కించాను. ఒక దుకాణం ముందు బండ్లు ఎక్కించుకునే ర్యాంపు, ఇంకో దాని ముందు జనరేటరు, ఆ తరువాత ఒక పక్క లేచిన కాలువ బండ. నాలుగు దుకాణాలు దాటేసరికి ఏడుసార్లు దిగి ఎక్కిన అమ్మ, "రోడ్డు మీదే పోదాం పా నాయనా, కనీసం అది చదునుగా ఉంది" అన్నది. నడిచేవారికి అడ్డులేని దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. మా దారిలో గొడుగు విప్పే చోటైనా లేదు.

మొన్న పెండ్లి బట్టలకని చెన్నై వెళ్ళాము. ఒకప్పుడు మనం భుజాలు రాసుకుంటూ తిరిగిన పాండీ బజారులో 2019 నవంబరు నుంచి విశాలమైన నడకదారి ఉంది. అమ్మ అక్కడ బల్ల మీద కూర్చుని, చీరల సంచి ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే వారిని అరగంట చూసింది. అయితే అక్కడి చిల్లర వ్యాపారులను అంతకు ముందే ఒక భవనంలోకి తరలించారు. అది నాకు నచ్చలేదు. వీధిని బాగుచేయడమంటే తోపుడు బండ్లను తరిమేయడమేనని మనవాళ్ళ లెక్క. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమేమో ముందు సర్వే చేసి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ కదపవద్దంటుంది. పొద్దు గూకాక మా సందు మొగలో పూలమ్మే ఆవిడ దీపం ఉన్నంతసేపే ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు.

ఆ సందులోని వేపచెట్టుకు మొదలు దాకా సిమెంటు పోశారు. చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీకి ఆదేశమిచ్చింది. ఇక్కడ నేల చుక్క నీరైనా పీల్చుకోలేదు, అదంతా పోయి రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిలో నిలుస్తుంది, మనం ప్యాంట్లు మడిచి దాటుతాము.

రంగనాయకులపేటలో రథం కదిలే రోజు నీకు గుర్తుందా? బండ్లన్నీ మాయమై, అరుగుల మీద ముసలివాళ్ళు, నడివీధిలో పిల్లలు! రథానికి దారి ఇవ్వగలిగిన ఊరు ఆదివారం పొద్దున ఒక్క వీధిని మనుషులకు ఇవ్వలేదా? దక్షిణ అమెరికాలో కొలంబియా రాజధాని బొగొటా నగరంలో 1974 నుంచి ఆదివారాలు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా, ఇప్పుడు 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను కార్లకు మూసేస్తున్నారు. మేము అడగబోయేది మా వీధి మాత్రమే, అదీ మూడు గంటలు.

కార్పొరేషనుకు అర్జీ రాస్తున్నాము. నీకు డ్రాయింగు వచ్చు కనుక, ర్యాంపులను దుకాణాల గడపల లోపలికి జరిపితే ఫుట్‌పాత్ ఎలా ఉంటుందో ఒక బొమ్మ గీసి పంపు. వేపచెట్టు కింద ఒక బల్ల కూడా వెయ్యి. దానికి ఆనుకునే వీపు ఉండాలని అమ్మ మరీ మరీ చెప్పమన్నది.

నీ
మిత్రుడు