అమ్మ ఒక్కతే ఉన్న రోజు

అమ్ములూ,

నిన్న నాలుగుసార్లు ఫోన్ చేశావు. నాలుగుసార్లూ అదే మాట, "ఒక్కదానివే ఎలా ఉన్నావమ్మా?" అని. నాన్నగారు అన్నవరం పెళ్ళికి వెళ్ళారనీ, మామ్మ మీ అత్తయ్య ఇంట్లో ఉందనీ తెలిసిన దగ్గర్నుంచీ నీకు ఒకటే టెన్షన్. నేనేమో "బాగానే ఉన్నానే, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. చిన్నబుచ్చుకుని ఉంటావు. అప్పుడు మాట్లాడబుద్ధి కాలేదు తల్లీ, సినిమా నడుస్తోంది. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నిన్న నాకు ఎంత బాగుందో నీకు తెలియాలి.

ఈ నరసాపురం ఇంటికి నేను వచ్చి 31 ఏళ్ళు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్న రోజు నాకు గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. నాన్నగారు చీకటితోనే బయల్దేరారు. గేటుకి గడియ పెట్టి వచ్చి, కాఫీ కలుపుకుని వసారాలో కూర్చున్నాను. రోజూ అందరికీ ఇచ్చేసరికి నా గ్లాసు స్టవ్ పక్కన చల్లారిపోతుంది, నీకు తెలుసుగా. నిన్న పొగలు కక్కుతుండగానే తాగాను.

పది గంటలకి మాయాబజార్ పెట్టుకున్నాను. నలుపు తెలుపుదే. 2010లో రంగులు అద్ది విడుదల చేసినప్పుడు మనమంతా హాలుకి వెళ్ళి చూశాం, నీకు అదే నచ్చింది. నాకు మాత్రం ఆ పడవ పాటలో వెన్నెల నలుపు తెలుపులోనే చల్లగా ఉంటుంది. అదంతా కెమెరామన్ మార్కస్ బార్ట్లే చేతి చలవ. నీళ్ళ మీద ఆ మెరుపు చూస్తుంటే మన గోదావరి రేవులో కూర్చున్నట్టే అనిపించింది.

ఈ సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ చూశాను. చూశాననే అనుకున్నాను. కుక్కర్ కూసిందని ఒకసారి, పాలబ్బాయి పిలిచాడని ఒకసారి, మామ్మకి మాత్రల వేళయిందని ఒకసారి లేచేదాన్ని. ఘటోత్కచుడు పెళ్ళివంటలన్నీ ఒక్కడే లాగించే పాట నేను ఎక్కువగా విన్నది వంటింట్లోంచే, చేతిలో గరిటెతో. పాండవుల ఇంటి పిల్లాడి పెళ్ళి కథ కదా, ధర్మరాజో అర్జునుడో ఎక్కడో ఒకచోట కనిపిస్తారనీ, నేను లోపలికి వెళ్ళినప్పుడే ఆ సీను అయిపోతోందనీ ఇన్నేళ్ళూ నా నమ్మకం. నిన్న పేర్లు పడిన దగ్గర్నుంచి చివరిదాకా కుర్చీలోంచి లేవలేదు. నీ ఫోన్లు కూడా కూర్చునే ఎత్తాను. పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారే! కథంతా వాళ్ళ చుట్టూనే తిరుగుతుంది, వాళ్ళు లేరన్న లోటే తెలియదు. 1957లో కె.వి.రెడ్డి గారు అలా ఎలా తియ్యగలిగారో అని చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇంక సావిత్రి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కదా. ఎవరూ చూడనప్పుడు భుజాలు విరుచుకుని మగాడిలా నిలబడుతుంది, మనిషి అలికిడి కాగానే తల వంచుకుని ఆడపిల్ల అయిపోతుంది. ఆ మారడం రెప్పపాటులో అయిపోతుంది. వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. ఇంకా ఎంతసేపమ్మా అని అడిగేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం రెండు దాటాక అన్నం తిన్నాను. కూర వండలేదు. వేడన్నంలో కందిపొడి, నెయ్యి, తర్వాత పెరుగన్నంలోకి మాగాయ. మంచినీళ్ళ చెంబుకి పుస్తకం ఆనించుకుని, చదువుకుంటూ తిన్నాను.

ఇన్నాళ్ళూ నేను ఎక్కువగా అమరావతి కథలు చదివేదాన్ని. వంద కథలు, అన్నీ చిన్న చిన్నవి. అన్నం ఉడికేలోపు ఒకటి అయిపోతుంది. అవంటే నాకు ప్రాణమే, కానీ మరీ అన్నిసార్లు వాటినే తియ్యడానికి కారణం మాత్రం నా దగ్గర అంత టైమే ఉండటం. నిన్న టైముకి లోటు లేదు కాబట్టి బారిష్టర్ పార్వతీశం తీశాను. మొదటి భాగం 1924లో వచ్చింది, నూరేళ్ళు దాటింది. పార్వతీశం మన పక్కనే ఉన్న మొగల్తూరు వాడు కదా, మీ తాతయ్య అది పైకి చదువుతుంటే మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నిన్న కూడా గట్టిగానే నవ్వాను.

కానీ అమ్ములూ, సీమకి, అదే ఇంగ్లండుకి, వెళ్తూ దారి పొడవునా అతను పడే తిప్పలు చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. లీడ్స్‌లో దిగిన మొదటి వారం, హీటర్ ఎలా వెయ్యాలో తెలియక రెండు స్వెట్టర్లు తొడుక్కుని పడుకున్నానని నువ్వు నెల తర్వాత చెప్పావు గుర్తుందా? ఆ పుస్తకం ఎన్నోసార్లు చదివాను, ప్రతిసారీ పార్వతీశంతోనే రైలెక్కాను, ఓడెక్కాను. నిన్న మాత్రం మొగల్తూరులో ఉండిపోయిన వాళ్ళ దగ్గర ఉండి చదివాను. పుస్తకం మూసి, ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ తెరిచాను.

దానికి అట్ట వేసింది నువ్వే, ఆరో తరగతిలో, నీ పుస్తకాలకి వెయ్యగా మిగిలిన ఖాకీ కాగితంతో. లేబుల్ కూడా అంటించావు. పేరు అన్నచోట "అమ్మ" అని, సబ్జెక్టు అన్నచోట "నవ్వుకోవడం" అని నీ గుండ్రటి అక్షరాలు. మూలలు చిరిగితే టేపు వేశాను గానీ ఆ అట్ట మార్చలేదు.

సాయంత్రం పక్కింటి పిన్నిగారు గోడ మీదనుంచి పిలిచారు, "పాపం ఒక్కదానివే ఉన్నావు, మా ఇంటికి రా" అని. రేపు వస్తానన్నాను. నువ్వూ ఫోన్‌లో ఇంచుమించు అదే అన్నావు. మీ ఇద్దరిదీ ప్రేమే, నాకు తెలుసు. కానీ నిన్న పాపం అనుకోవాల్సింది ఏమీ లేదు. మీరంతా ఉండి ఇల్లు కళకళలాడుతుంటే నాకు ఎంత ఇష్టమో, నిన్నటి రోజూ అంతే ఇష్టం. రెంటికీ పోటీ లేదు. రాత్రి నాన్నగారు పెళ్ళి లడ్డూలు తీసుకుని వస్తే పరుగున వెళ్ళి గేటు తీశాను. ఆయనకి చారన్నం పెడుతూ పాండవుల సంగతి చెప్పాను. "నిజమే సుమా" అని ఆయనా ఆశ్చర్యపోయారు.

వచ్చే నెల ఆయనకి రాజమండ్రిలో రెండు రోజుల పని ఉందట. మామ్మ ఇంకా అత్తయ్య దగ్గరే ఉంటుంది. మిస్సమ్మ చూద్దామనుకుంటున్నాను. ఆ రెండు రోజులూ ఫోన్ రాత్రి ఎనిమిది దాటాక చెయ్యి, తీరిగ్గా మాట్లాడుకుందాం.

అక్కడ చలి మొదలైందా? హీటర్ బాగానే పనిచేస్తోందా?

మీ అమ్మ