చెయ్యి ఎంత, కాలు ఎంత? డిశ్చార్జికి ముందే చూడండి

ఎడిటర్ గారికి,

నిమ్స్‌కి బ్రిటన్ డాక్టర్లు వచ్చి పసిపిల్లలకి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేశారనో, తిరుపతి పద్మావతి హృదయాలయంలో ఫలానా పాప బతికిందనో మీ పేపర్లో చదివినప్పుడల్లా సంతోషమేస్తుంది. కానీ ఆపరేషన్ టేబుల్ దాకా రాకుండానే పోయే పిల్లల సంగతి ఎవరూ రాయరు. కాన్పుల వార్డులో చాలా ఏళ్లు పనిచేసిన నర్సుని, ఈ ఉత్తరం వాళ్ల గురించే.

నూటికి దాదాపు ఒక్క బిడ్డ గుండె లోపంతో పుడుతుంది. వాళ్లలో సుమారు పావు వంతు మందికి ఏడాది లోపే ఆపరేషనో, మరో చికిత్సో కావాలి. చిక్కేంటంటే వీళ్లూ పుట్టగానే అందరిలాగే ఏడుస్తారు, పాలు తాగుతారు. కడుపులో ఉన్నప్పుడు రక్తాన్ని ఊపిరితిత్తులకి పోనివ్వకుండా పక్కకి మళ్లించే చిన్న నాళం ఒకటి ఉంటుంది, అది తెరుచుకుని ఉన్నంతసేపూ లోపం బయటపడదు. మామూలుగా రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది, అంటే సరిగ్గా మనం బాలింతని బండెక్కించి ఇంటికి పంపే వేళకి. ఆ తర్వాత బిడ్డ పాలు మానేసి ఎగశ్వాస తీస్తుంటే నిమ్ము చేసిందనుకుని ఊళ్లో మందులు పోస్తారు, ఈలోగా మెదడుకీ కిడ్నీలకీ ఆక్సిజన్ అందక జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

పెద్దాసుపత్రుల ఐసీయూల్లో నుదుటి మీదా నడుం పక్కనా సెన్సర్లు అంటించి, మెదడుకి ఎంత అందుతోంది, కిడ్నీకి ఎంత అని చూసే నిర్స్ యంత్రాలున్నాయి. అవి మన ఏరియా ఆసుపత్రికి కావాలని నేను అడగట్లేదు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటర్ చాలు. కంటితో చూసి కనిపెడతాం అంటే కుదరదు, ఆక్సిజన్ 80ల్లోకి పడితే గానీ నీలం కనిపించదు, చామనఛాయ పిల్లల్లో మరీ కష్టం.

24 గంటలు నిండాక కుడిచేతికి, ఏదో ఒక కాలికి పెట్టి చూడాలి. కుడిచేతికి రక్తం ఆ నాళానికి ముందే వెళ్లిపోతుంది, కాలికి దాన్ని దాటాక వెళ్తుంది, అందుకే రెండు చోట్లా. రెండూ 95కి తగ్గకుండా, తేడా 3కి మించకుండా ఉంటే సరే. 90 లోపుంటే వెంటనే డాక్టరు, మధ్యలో ఉంటే గంటాగి మళ్లీ. కోవిడ్‌లో అందరం కొన్న క్లిప్పు దీనికి పనికిరాదు, పాదానికి చుట్టే పట్టీ కావాలి. పాదం చల్లగా ఉంటే అంకె గెంతుతూనే ఉంటుంది. పాలు పట్టి, కాలు గుడ్డలో చుట్టి వెచ్చబడ్డాక పెడితే నిలుస్తుంది. అయిదు నిమిషాల పని. (అన్ని లోపాలూ దీనికి దొరకవు, బృహద్ధమని సన్నబడ్డ పిల్లలు కొందరు తప్పించుకుంటారు, నిజమే.)

అమెరికా 2011లోనే దీన్ని జాతీయ స్క్రీనింగ్ జాబితాలో చేర్చింది. తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో ఈ జబ్బుల వల్ల పసిపిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 2017లో లెక్క తేల్చారు. కేరళ అదే ఏడాది హృద్యం పథకం మొదలుపెట్టి ఇలాంటి పిల్లల్ని నమోదు చేసుకుంటోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆపరేషన్‌కి ప్రభుత్వ పథకాల డబ్బులున్నాయి (తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), వైకల్యాలు పట్టుకోవడానికి 2013 నుంచి పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే ఉంది, మరి ఈ అయిదు నిమిషాల దగ్గర ఎందుకు ఆగిపోతున్నాం?

"తేడా వస్తే మాత్రం ఏం చేస్తాం, ఇక్కడ ఎకో (గుండె స్కాన్) లేదుగా" అనే మాట వార్డులో చాలాసార్లు విన్నాను. నాళం మూసుకుపోకుండా ఆపే ప్రోస్టాగ్లాండిన్ మందు ఉంది. జిల్లా ఆసుపత్రిలో జబ్బు చేసిన పసికందుల్ని ఉంచే ఎస్‌ఎన్‌సీయూ వార్డు ఫ్రిజ్‌లో అది ఎప్పుడూ ఉండేలా చూడాలి, ఆ మందు వల్ల శ్వాస ఆగితే చూసుకోగల మనిషిని తోడిచ్చి బిడ్డని హైదరాబాదుకో తిరుపతికో పంపాలి. ఆరోగ్య శాఖ ముందు డిశ్చార్జి కాగితంలో చెయ్యికి ఒక గడి, కాలికి ఒక గడి పెట్టించాలి, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లతో సహా.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నల్గొండ