చెవి మిషన్ కథకూ ఒక పటం కావాలి

సంపాదకులకు నమస్కారం.

మనిషి దేహంతో యంత్రాన్ని కలిపి రేపటి మానవుణ్ని ఊహించే కళాకారుల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఆస్ట్రేలియా కళాకారుడు స్టెలార్క్ 2007లో తన ఎడమ ముంజేతి మీద శస్త్రచికిత్సతో చెవి ఆకారాన్ని రూపొందించుకోవడాన్ని, పుట్టుకతోనే రంగులు తెలియని నీల్ హార్బిసన్ 2004లో తన పుర్రెకు యాంటెన్నా అమర్చుకోవడాన్ని వ్యాసకర్త ఓపికగా వివరించారు. అయితే ఇవన్నీ కడుపు నిండిన దేశాల వింతలని, మన ప్రాంతానికి వీటితో పని లేదని చివరలో తేల్చేశారు. పాత వరంగల్ జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో 31 సంవత్సరాలు డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన నాకు ఆ మాట మింగుడు పడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మాయి కొడుకుకు పుట్టుకతో వినికిడి లేదు. మూడో ఏట వాడికి కాక్లియర్ ఇంప్లాంట్ వేశారు. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. చెవి వెనుక పెట్టుకునే మిషన్ మైకుతో శబ్దాన్ని పట్టుకుంటుంది, చర్మానికి అయస్కాంతంతో అతుక్కునే బిళ్ల ఆ సమాచారాన్ని లోపలికి పంపుతుంది, లోపలి చెవిలోని సన్నని తీగ మీదున్న ఎలక్ట్రోడ్లు నేరుగా శ్రవణ నాడిని తట్టి లేపుతాయి. ఆరోగ్యంగా ఉన్న చెవిలో శబ్దాన్ని నాడికి అందించే సుమారు 3,500 రోమకణాలు చేసే పనిని ఇక్కడ కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. అందువల్ల వాడికి మాట బాగానే అందుతుంది గానీ రాగం పలచబడుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మా వీధి ఆడవాళ్లు ఆడుతుంటే వాడు పాటను వదిలేసి చప్పట్ల దెబ్బనే పట్టుకుని, ఒక్క అడుగు తప్పకుండా మాతోపాటు తిరుగుతాడు. మేము విన్న బతుకమ్మ పాట, వాడు విన్న బతుకమ్మ పాట ఒకటి కావు. ఆ రెండో పాట ఎలా ఉంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది, దాన్ని నాకు చూపించగలిగేది కళ ఒక్కటేనని నా నమ్మకం. హార్బిసన్ యాంటెన్నా రంగును పుర్రె ఎముక ద్వారా వినిపించే శబ్దంగా మారుస్తుంది. ఆయన ఆ మార్పునే తిరగేసి, విన్న ప్రసంగాలను రంగుల పట్టీలుగా చిత్రించి తన లోకాన్ని ఇతరులకు తెరిచి చూపాడు. మా పిల్లవాడి లోకాన్ని అలా తెరిచి చూపించేవాళ్లు వరంగల్‌లో ఎందుకు ఉండకూడదు?

ఇంకొక సంగతి చెప్పాలి. నిరుడు వాడి మిషన్ పాడైతే, ఆ మోడల్‌కు విడిభాగాలు రావడం ఆగిపోయిందని, కొత్తది కొనుక్కోవాల్సిందేనని డీలరు చెప్పాడు. డబ్బు సమకూరేదాకా నాలుగు నెలలు వాడు నిశ్శబ్దంలో ఉన్నాడు. ‘అమ్మమ్మా, నా చెవికి ఛార్జింగ్ అయిపోయింది’ అని రోజూ చెప్పే పిల్లవాడు ఆ నాలుగు నెలలూ ఆ మాట కూడా అనలేదు. ఇది మా ఇంటి కష్టం మాత్రమే కాదు. ఆర్గస్-2 అనే కృత్రిమ నేత్రాన్ని తయారు చేసిన అమెరికా కంపెనీ ఆ పనిని మానుకున్నప్పుడు, దాన్ని కంట్లో అమర్చుకున్న 350 మందికి పైగా మనుషులు మరమ్మతు చేసే దిక్కు లేకుండా మిగిలిపోయారు. యంత్రం దేహంలో భాగమైనప్పుడు, దాన్ని అమ్మినవాడికి ఆ దేహం పట్ల ఎంతకాలం బాధ్యత ఉంటుంది? ట్రాన్స్‌హ్యూమనిజం అనే మాటకు 1957లో ప్రచారం తెచ్చిన జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ, మానవజాతి తన హద్దులను దాటగలదని రాస్తూ, అక్కడొకరు ఇక్కడొకరు దాటడం కాదు, జాతి మొత్తంగా దాటాలని కోరుకున్నాడు. ఆ ‘మొత్తం’లో హసన్‌పర్తి, పరకాల, మహబూబాబాద్ ఉన్నాయా లేవా అన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న అడగడానికి తగిన కళారూపం మన దగ్గరే ఉంది. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల బంక పట్టించి, ఎర్రని నేపథ్యం మీద వరుసలు వరుసలుగా బొమ్మలు వేసి, కథ చెప్పేవాళ్ల చేతికి పటం ఇస్తారు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు ఆ పటం విప్పి, వాళ్ల కులం ఎలా పుట్టిందో వాళ్లకే చెబుతారు. అంటే కథ ఎవరిదో వాళ్ల ముందే పటం విప్పుతారు. గ్యాలరీలో మౌనంగా చూసి వెళ్లిపోయే బొమ్మ కన్నా ఇటువంటి విషయానికి ఇదే మేలైన పద్ధతి అని నాకు అనిపిస్తుంది. ఋగ్వేదంలో అశ్వినీ దేవతలు విశ్పలకు లోహపు కాలు అమర్చిన ప్రస్తావన ఉంది గనుక ఇవన్నీ మనకు ముందే తెలుసని కొందరు అంటారు. ఆ వాదన నాకు సమ్మతం కాదు. ఊహను సాక్ష్యంగా చూపితే ఊహకూ సాక్ష్యానికీ రెంటికీ నష్టమే. కాలు పోయిన మనిషికి కాలు తిరిగి రావాలని అంత పూర్వమే ఒక కవి తపించాడన్నది మాత్రం నిజం, చిత్రకారుడికి ఆ తపన చాలు.

కనుక నా విన్నపం ఇది. 2024 నవంబరులో హన్మకొండలో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో ఈ విషయం మీద ఒక ప్రదర్శన పెట్టాలి. ఇక్కడి ఇంజినీరింగ్ కళాశాల (నేటి ఎన్‌ఐటీ), కాకతీయ వైద్య కళాశాల రెండూ 1959లోనే పుట్టాయి. ఇన్నేళ్లుగా ఒకే ఊళ్లో ఉన్న ఆ రెండింటి విద్యార్థులనూ చేర్యాల చిత్రకారులతో కలిపి కూర్చోబెట్టాలి. కృత్రిమ కాలుతో నడిచేవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ పక్కన పడుకునేవాళ్లు, మా మనవడిలాంటి పిల్లలు చెప్పింది చెప్పినట్టు పటం మీదకు ఎక్కించాలి, పటం విప్పిన రోజున కథ కూడా వాళ్లే చెప్పాలి. స్టెలార్క్, హార్బిసన్‌ల ఫోటోలను కూడా పక్కన పెడితే చూసేవాళ్లే పోల్చుకుంటారు.

పటానికి చింతగింజలు నానబెట్టి రుబ్బే పని నాకు వచ్చు, చేసి పెడతాను. పని చేయకుండా పోయిన మా వాడి పాత మిషన్ కూడా బీరువాలో ఉంది. ప్రదర్శన కోసం ఎవరైనా అడిగితే వాణ్ని వెంటబెట్టుకుని వచ్చి, వాడి చేతులతోనే ఇప్పిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయురాలు,
హన్మకొండ